చిన్న సున్నాలో ప్రశ్న గుర్తు

మానసిక వైద్య విభాగంలో కొత్తగా ఉద్యోగానికి చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు పై అధికారుల మీద చాడీలు చెప్పి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసింది నయమైన కేసు. అలాంటివి నాలుగైదు ఉన్నాయి నా దగ్గర. వాటినే అటూ ఇటూ తిప్పి చెప్పి పంపించేస్తాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

రిటైరయ్యేదాకా తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రిలో నేను సోషల్ వర్కర్‌ని. మందు రాసేది డాక్టరు, ఇచ్చేది నర్సు. రోగి ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడటం, ఊళ్ళకు పోయి అవగాహన సభలు పెట్టడం, నర్సింగ్ పిల్లలకు వారానికి రెండు క్లాసులు చెప్పడం నా పని. తాగుడు మీద ఉపన్యాసం ఇస్తే ఆ పిల్లలు కళ్ళు తెరిచే నిద్రపోయేవాళ్ళు. అందుకని సినిమా ముక్కలు చూపించడం మొదలుపెట్టాను. మన సినిమాల్లో తాగుబోతు సీన్లకు కొదవేముంది? ఒకడు తూలుకుంటూ వచ్చి కరెంటు స్తంభంతో మాట్లాడతాడు, క్లాసంతా పడీ పడీ నవ్వుతుంది. సరిగ్గా ఆ నవ్వు మీద సినిమా ఆపేసేదాన్ని. "ఎందుకు నవ్వినారు?" అని అడిగేదాన్ని. ఒక్కసారిగా సద్దుమణిగిపోయేది. ఆ తరవాత నేను చెప్పేది చెవికెక్కేది.

ఇంకో కిటుకు కూడా ఉండేది. నవ్విన వాళ్ళను కాదు, నవ్వని పిల్లను చూసి పెట్టుకునేదాన్ని. ఆ పిల్ల ఇంట్లో ఎవరో తాగుతుంటారు. క్లాసు అయ్యాక మెల్లగా పక్కకు పిలిస్తే ఏడ్చేసేది. ఇది నేనే కనిపెట్టానని నాకు మహా గర్వం. జూనియర్ల ముందు ఎన్నిసార్లు కోతలు కోశానో లెక్కే లేదు.

ప్రొజెక్టరు, కెమెరా చూసుకునే ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాయన పెళ్ళి ఫోటోలు తీసేవాడట, ఆ పని ఈయన చేతికి వచ్చింది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, ప్రొజెక్టరు మొరాయిస్తే రెండూ కలిపి తిట్లు. మా విభాగంలో మనసు తెలిసిన మనిషి ఎవరంటే ఇప్పటికీ ఆయన పేరే చెబుతాను. డాక్టర్లు ఏమనుకుంటారో వాళ్ళ ఇష్టం.

ఇక ఆ రోగి. ఐరాల మండలంలో ఒక పల్లె. ముప్పై నాలుగేళ్ళు. మామిడి సీజన్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే టెంపో డ్రైవరు. మొదటిసారి వచ్చినప్పుడు చేతులు వణికి సంతకం పెట్టలేకపోయాడు. భార్య ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని వేలిముద్ర వేయించింది. ఆమెకు రెండు ఆవులు, పాల కేంద్రానికి పాలు పోస్తుంది. ఆరేళ్ళ కూతురు ఒక్కతే సంతానం. పదిహేను రోజులు వార్డులో పెట్టుకుని పంపించాం. పోతూ పోతూ కాణిపాకంలో దిగి, తడిగుడ్డలతో వినాయకుడి ముందర ప్రమాణం చేసి మరీ ఊరికి పోయాడు. ఆ పక్క వాళ్ళకు అది మామూలే. మాట తప్పితే ఆ దేవుడు ఊరుకోడని భయం.

పద్నాలుగు నెలలు ఒక్క చుక్క ముట్టలేదు. మా పెద్ద డాక్టరు గారు ఇది మన మాత్రల మహిమ అనేవారు. డ్రైవరు భార్య ఇది దేవుడి మహిమ అనేది. నేను ఎవరి మాటా కాదనేదాన్ని కాదు. ఆయన మానడానికి అసలు కారణం మాత్రలూ కాదు, దేవుడూ కాదని నాకు తరవాత తెలిసింది. ఆయన నోటితోనే చెప్పాడు. విని కూడా మనసుకు పట్టించుకోలేదు నేను.

ఊళ్ళలో చూపించడానికి మనమే ఒక చిన్న సినిమా తీద్దాం అన్నారు పెద్ద డాక్టరు గారు. తాగుబోతు అంటే చెడ్డవాడని జనం అనుకుంటారు, ఇది జబ్బు, కొంత పుట్టుకతోనే వస్తుంది, అది తెలిస్తే వాళ్ళను ఈసడించుకోరు అని ఆయన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. డ్రైవరును అడిగితే ఎగిరి గంతేశాడు. రెండు ఆదివారాలు భాయ్, నేను ఆ పల్లెకు పోయి తీశాం. కెమెరా ముందు ఆ మనిషి ఎంత బాగా మాట్లాడాడో!

"మా తాత సారాయి తాగి సచ్చినాడు. మా నాయన సారాయి తాగి సచ్చినాడు. గవర్మెంటోళ్ళు సారాయి నిలిపేసినాక మా పెద్దనాయనా, మా యన్నా, నేనూ బ్రాందీకి మారినాం. అంగడి మారింది గానీ మేం మారల్లేదు మేడం."

ఆ మాట పూర్తికాగానే భాయ్ కెమెరా వెనకనుంచి "అరే వా!" అన్నాడు. ఆ శబ్దం కూడా పడింది, మళ్ళీ తీయాల్సి వచ్చింది.

రెండో ఆదివారం సాయంత్రం టెంపో తొట్టి మీద కూర్చుని టీ తాగుతుంటే, అడగకుండానే చెప్పాడు.

"నాకు మగబిడ్డ లేడని మా వాళ్ళంతా అయ్యో అంటారు మేడం. ఇంగోటి కనమంటారు. నేనే వొద్దన్నా. మా పెద్దనాయనకు బిడ్డల్లేరు. మా యన్న పెండ్లి గాకుండానే పోయినాడు. ఈ తాగుడు మా వంశంలో మొగోళ్ళ ఎంబడి వస్తా ఉండాది. నాకుండేది ఆడబిడ్డ. నేను గూడా నిలిపేస్తే ఇంగ అయిపోయినట్లే. నాతో సరి."

"నాతో సరి" అంటూ రెండు చేతులూ దులిపి చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. వంశం అంటే మగవాళ్ళేననుకునే మనిషి, అమాయకుడు అనుకున్నాను. పొద్దు వాలిపోతోంది, ఇంకో షాటు మిగిలిందని భాయ్ తొందరపెడుతున్నాడు. గ్లాసు కింద పెట్టి లేచాను. ఆ మనిషి తన ప్రాణం ఏ కొమ్మకు కట్టుకున్నాడో చూపించాడు నాకు. నేను టీ తాగాను, అంతే.

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. కేసు షీటులో కుటుంబం బొమ్మ గీస్తాం. మగవాళ్ళకు డబ్బా, ఆడవాళ్ళకు సున్నా. తాగేవాళ్ళ గుర్తును నల్లగా నింపుతాం. ఇంకా తెలియని చిన్నపిల్లలుంటే లోపల ప్రశ్న గుర్తు పెట్టడం నాకు అలవాటు. ఎవరు నేర్పారో గుర్తులేదు, సర్వీసంతా అట్లే పెట్టాను. ఆ బొమ్మనే సినిమా మధ్యలో పెట్టించాను. పైన తాత డబ్బా నలుపు, కింద నాయన, పెద్దనాయన, ఇద్దరూ నలుపు, ఇంకా కింద అన్న, డ్రైవరు. అన్నిటికన్నా కింద ఒక చిన్న సున్నా. దాంట్లో ప్రశ్న గుర్తు.

కంప్యూటర్లో కూర్పు చేస్తూ భాయ్ ఆగాడు. "మేడం, ఆ పాప సున్నాలో గుర్తు తీసేద్దామా? సూసేదానికి బాగలేదు. ఊళ్ళోవాళ్ళు సూస్తారు, బిడ్డకు దిష్టి పెట్టినట్లుండాది."

"పద్ధతి అట్లే ఉంది భాయ్. తీసేస్తే అబద్ధం చెప్పినట్లవుతుంది" అన్నాను.

"మీ ఇష్టం మేడం" అన్నాడు. పెద్ద చదువు చదివినదాన్ని కదా, నాకే తెలుసు అన్నీ.

బొమ్మ తరవాత ఇంకా ఎనిమిది నిమిషాల సినిమా ఉంది. అందులో పెద్ద డాక్టరు గారు తెలుగులో చక్కగా చెబుతారు: పుట్టుకతో వచ్చేది తాగుడు కాదు, తాగితే తొందరగా లొంగిపోయే గుణం మాత్రమే, అసలు ముట్టకపోతే ఆ గుణం ఏమీ చేయలేదు, ఇంట్లో మానినవాళ్ళను చూసి పెరిగిన పిల్లలకు అదే పెద్ద అండ అని. చివర్లో డ్రైవరు టెంపో తోలుతుంటే పక్కన కూతురు కూర్చుని హారన్ కొడుతుంది. నాకు చాలా ఇష్టమైన షాటు.

మొదటి ప్రదర్శన ఆ పల్లెలోనే పెట్టాం. ఒక రెండో శనివారం మధ్యాహ్నం, బడి గదిలో, కిటికీలకు గోనెపట్టాలు కట్టి. పెద్ద డాక్టరు గారికి వేరే సమావేశం ఉండి రాలేదు. గది నిండిపోయింది, కిటికీల దగ్గర కూడా జనమే. డ్రైవరు వెనక తలుపు దగ్గర కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు ఊళ్ళో ఆయనే హీరో.

మామూలుగానే తాగుబోతు సీను వేసి, నవ్వు మీద ఆపి, అడిగాను. బాగా పండింది. తరవాత మా సినిమా. సారాయి, బ్రాందీ మాటకు చప్పట్లు కొట్టారు. బొమ్మ రాగానే నా అలవాటు ప్రకారం అక్కడ ఆపాను. ఆపకుండా పోనిచ్చి ఉంటే ఎట్లా ఉండేదో అని ఎన్నాళ్ళు అనుకున్నానో. కానీ ఆపడమే కదా నా గొప్ప!

ఎవరి డబ్బా ఎవరిదో జనం క్షణంలో కనిపెట్టేశారు. ముందు వరసలో కూర్చున్న పెద్దనాయన లేచాడు.

"ఏమ్మా, నా డబ్బాకు నలుపెందుకు పూసినావు? నేను పండగలకు తప్ప తాగను!"

"నీకు దినామూ పండగే గదన్నా!" అని ఎవరో అన్నారు. గది గదంతా ఒకటే నవ్వు. ఆయన్ని బొమ్మలో చూపించడానికి ఒప్పుకోలు మేము తీసుకోలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. నవ్వుతో నెట్టుకొచ్చాను. అంత నవ్వులో నవ్వని మనిషి ఎవరా అని వెతికే నా కిటుకు ఆ రోజు నాకు గుర్తే రాలేదు. సభ రక్తి కట్టింది కదా, నేను ముందు వరసల్నే చూస్తున్నాను.

పాల కేంద్రంలో పాలు కొలిచే ఆమె చెయ్యెత్తింది. "అడుగున ఆ చిన్న సున్నా ఎవురుమా? దాంట్లో కొంకి మాదిరి ఏందది?"

అడిగిందే చాలని అందుకున్నాను. "మంచి ప్రశ్న. ఈ గుణం మగవాళ్ళ వైపు నుంచే పోతుందని మీరంతా అనుకుంటారు. అది తప్పు. ఆడబిడ్డలకూ రావచ్చు. ఆ బిడ్డ తాగకపోయినా ఆమె బిడ్డలకు పోవచ్చు. అందుకే ప్రశ్న గుర్తు పెట్టినాం."

వెనకనుంచి డ్రైవరు గొంతు వినిపించింది. "మేడం, మా పాపకు గూడానా?"

"రావచ్చు నాయనా, రాకపోవచ్చు. మిగతా సినిమా చూడు, అంతా చెప్పినాం దాంట్లో" అన్నాను. ఆయన కూతుర్ని భుజాల మీద నుంచి కిందికి దించాడు. భాయ్ మీట నొక్కాడు. డాక్టరు గారి ముఖం తెర మీద ఇట్లా కనిపించి అట్లా మాయమైంది. కరెంటు పోయింది.

అరగంట చూశాం. చీకటి గదిలో ఉక్కపోత, పిల్లల ఏడుపులు. జనం ఒక్కొక్కరే లేచిపోయారు, పాలు పిండే వేళవుతోంది కదా. చిత్తూరు బస్సు వచ్చే టైమూ అవుతోంది. అది పోతే మళ్ళీ బస్సు లేదు.

"మేడం, పాలు పిండుకుని మళ్ళా వస్తారు. ఉండి సూపించేసి పోదాం. ఎవరింట్లోనో పడుకుంటాం, ఏమైతాది?" అన్నాడు భాయ్.

"వచ్చే శనివారం వద్దాంలే భాయ్" అన్నాను.

ప్రొజెక్టరు పెట్టె బస్సు దాకా మోసింది ఆ డ్రైవరే. జాగ్రత్తగా సీటు కింద పెట్టి, "పోయి రాండి మేడం" అన్నాడు. ఆయన ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. కిటికీ పక్క సీటు దొరికిందా లేదా అని చూసుకుంటున్నాను నేను.

వచ్చే శనివారం తనిఖీ అన్నారు. ఆ పై శనివారం నర్సింగ్ పిల్లల పరీక్షలు. సభ విజయవంతంగా జరిగిందనీ, ప్రజల స్పందన చాలా బాగుందనీ రిపోర్టు రాసి పంపించాను. నాలుగో వారం డ్రైవరు భార్య ఫోన్ చేసింది.

"మేడం, మళ్ళా మొదులుబెట్టినాడు."

మర్నాడే పరుగెత్తాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. ఎందుకిట్లా చేశావని అడిగాను. మళ్ళీ మంచం మీద కూర్చుంటూ అన్నాడు.

"నాతో సరి అనుకున్నా మేడం. పద్నాలుగు నెలలూ అదే అనుకున్నా. అది ఆ బిడ్డ పుట్టిన దినమే బిడ్డలోకి పోయిందని మీరు జెప్పినారు. ఇంగ నేను నిలిపితే ఏమి, నిలపకపోతే ఏమి?"

ఎంత చెప్పానో! షుగరు జబ్బు పోలిక చెప్పాను. నాయన మానిన ఇంట్లో పెరిగితే బిడ్డకు ఎంత బలమో చెప్పాను. తెరమీద ఆగిపోయిన ఎనిమిది నిమిషాలూ మాటలతో పూర్తిగా అప్పజెప్పాను. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆయన తలవంచుకుని మర్యాదగా విన్నాడు. "మీరు జెప్పేది సరే మేడం" అన్నాడు. కాణిపాకం ప్రమాణం సంగతి ఎత్తితే, "దేవుడికి నేను తప్పినా. ఆయన ఏం జేసినా సరే" అన్నాడు. 

రెండేళ్ళలో మూడుసార్లు వార్డులో చేర్చుకున్నాం. ప్రతిసారీ పది రోజులు బాగుండి పోయేవాడు, నెల తిరక్కముందే మళ్ళీ తాగేవాడు. టెంపో పోయింది, ఒక ఆవు పోయింది. నాలుగోసారి మా వార్డుకు రాలేదు, లివరు చెడి నేరుగా మెడికల్ వార్డుకు వచ్చాడు. అదే వారం ఆ సినిమాకు ఎక్కడో సభలో చప్పట్లు కొట్టి నాకు శాలువా కప్పారు. వద్దని చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. శాలువా సంచిలో కుక్కుకుని, ఆసుపత్రి మెట్లెక్కి ఆయన్ని చూడటానికి పోయాను.

పిల్లలూ, నిజం చెప్పకూడదని నేను అనడం లేదు. అట్లా అంటే నా ఉద్యోగమే అబద్ధమైపోతుంది. ఏది ముందు చెప్పాలి, ఏది తరవాత చెప్పాలి, ఎప్పుడు బస్సు వదులుకోవాలి అని మీకు నేర్పుదామంటే అది నాకే తెలియదు. ముప్పై ఏళ్ళు చేసిన పనిలో ఇంత తెలియకుండా బతికానా అని ఇప్పటికీ పొద్దున లేస్తూనే అనుకుంటాను. మీరు నాకన్నా మెరుగ్గా చేస్తారన్న ఆశ కూడా పెద్దగా లేదు, ఏమీ అనుకోకండి.

ఆ రోజు ఆయన కళ్ళు పచ్చగా ఉన్నాయి, పొట్ట ఉబ్బింది, చేతులు పుల్లల్లా అయిపోయాయి. భార్య మందులకు కిందికి పోయింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, భాయ్ నా ఫోన్లో ఎక్కించిన ఆ ఎనిమిది నిమిషాలూ పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఆయన కోసం అని అప్పుడు అనుకున్నాను. ఆయన చివరిదాకా చూశాడు. టెంపోలో కూతురు హారన్ కొట్టినప్పుడు పెదాలు కదిలాయి.

"బాగుండాది మేడం" అన్నాడు.

"ఆ దినమే ఇది చూపించి ఉంటే నువ్వు మళ్ళా తాగేవాడివి కాదు కదా నాయనా?" అని అడిగాను. అవును అంటాడని ఆశ. అవునంటే తప్పు కరెంటుది, బస్సుది, తనిఖీది అవుతుంది. నా తప్పు కొంచెం తగ్గుతుంది. చావబోయే మనిషి దగ్గర నేను అడుక్కున్నది అది.

"అట్ల కాదు మేడం." ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి చెప్పాడు. "దీంట్లో ఉండేదంతా మీరు మా ఇంటికొచ్చి చెప్పినారు గదా. నాకు అర్తమయింది. తాగాలనిపించినప్పుడంతా, ఇంగ కొంచెం ఓర్చుకో, ఇది నాతో అయిపోతాది అనుకునేవాణ్ణి. ఆ మాట పోయినాక ఇంగేం అనుకోవాల్నో తెలీలేదు. రావచ్చు, రాకపోవచ్చు అనుకుంటా ఓర్చుకోను నా చేత కాలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. రోగి ముందు ఏడవకూడదని పిల్లలకు పాఠం చెప్పిన నోరు ఇది. ఆయనే నా చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"ఒగటి అడగతా, చెప్పండి మేడం. పాపకు వస్తాదా?"

"రాదు" అన్నాను. "రానే రాదు నాయనా. ఆడబిడ్డలకు పోదు అది. ఆ దినం నేను చెప్పింది తప్పు. పెద్ద డాక్టరు గారు గూడా చెప్పినారు, నీతో సరి, నీతోనే అయిపోతాది."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"మీకు అబద్దం చెప్పను రాదు మేడం" అన్నాడు. కోపంగా కాదు, నన్ను ఓదార్చినట్లు అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు పొద్దున పోయాడు.